పాత డ్రాయింగ్‌లో ఉన్న అల్లాయ్ స్టీల్ పైపుకి ఇప్పటి గ్రేడ్ ఎలా పట్టుకోవాలి

పాత పవర్ ప్లాంట్‌లో షట్‌డౌన్ పని చేసేవాళ్ళకి ఇది తప్పదు. 1980ల నాటి డ్రాయింగ్ తీస్తే మెటీరియల్ కాలమ్‌లో డిన్ 17175 (పాత జర్మన్ పైపు స్టాండర్డ్), 13సీఆర్ఎంఓ44 (అందులో ఒక గ్రేడ్) అని ఉంటుంది, సప్లయర్‌కి పంపితే "ఆ స్టాండర్డ్ ఇప్పుడు లేదు సార్, పీ11 వేసేయమంటారా" అని అడుగుతాడు. పీ11, పీ12, పీ22 లాంటివి అమెరికన్ స్టాండర్డ్ ఏఎస్‌టీఎం ఏ335లోని గ్రేడ్‌లు. వెంటనే సరే అనకండి.

ముందు పేరు చదవడం రావాలి, సగం పని అక్కడే అయిపోద్ది. 10సీఆర్ఎంఓ910 తీసుకోండి, మొదటి 10 అంటే కార్బన్ 0.10 శాతం దగ్గర, తర్వాత 9ని 4తో భాగిస్తే క్రోమియం 2.25, చివరి 10ని 10తో భాగిస్తే మాలిబ్డినం 1. బ్రిటిష్ వాళ్ళ బీఎస్ 3604లో ఇలా ఉండదు, హెచ్ఎఫ్ఎస్ 622-490 అంటే హాట్ ఫినిష్డ్ సీమ్‌లెస్, 490 కనీస టెన్సైల్ (తెగేలోపు తట్టుకునే బలం, మెగాపాస్కల్స్‌లో), 622 ఉత్త గ్రేడ్ నంబరే. అది కూడా 2.25 క్రోమియం 1 మాలీనే (మాలీ అంటే మాలిబ్డినం), 620 అయితే 1 క్రోమియం అర మాలీ.

డిన్ 17175 ప్లేస్‌లో 2002లో యూరోపియన్ స్టాండర్డ్ ఈఎన్ 10216-2 వచ్చింది కాబట్టి మొదట అందులోనే వెతకండి. 15ఎంఓ3 ఇప్పుడు 16ఎంఓ3 అయింది, 13సీఆర్ఎంఓ44 ఇప్పుడు 13సీఆర్ఎంఓ4-5, 10సీఆర్ఎంఓ910 ఇప్పుడు 10సీఆర్ఎంఓ9-10. డౌట్ ఉంటే జర్మన్ మెటీరియల్ నంబర్ చూడండి, పేరు మారినా అది మారలేదు, 13సీఆర్ఎంఓ44కి అప్పుడూ ఇప్పుడూ 1.7335నే.

ఈఎన్ పైపు దొరక్క ఏఎస్‌టీఎం ఏ335కి వెళ్తేనే అసలు తిప్పలు. 13సీఆర్ఎంఓ4-5లో క్రోమియం 0.70 నుంచి 1.15, సిలికాన్ 0.35 దాటకూడదు. పీ11లో సిలికానే 0.50 నుంచి 1.00 ఉంటుంది, క్రోమియం 1.50 దాకా పోద్ది. పీ12లో క్రోమియం 0.80 నుంచి 1.25, సిలికాన్ 0.50 లోపు, అంటే కెమిస్ట్రీలో దగ్గర చుట్టం పీ12, పీ11 కాదు. అయినా బలం ఒకటే అనుకోవద్దు, 13సీఆర్ఎంఓ4-5కి యీల్డ్ (శాశ్వతంగా సాగడం మొదలయ్యే బలం) 290 మెగాపాస్కల్స్ ఉంటే పీ12కి 220నే. అందుకే మీ డిజైన్ టెంపరేచర్ దగ్గర అలవబుల్ స్ట్రెస్ (కోడ్ అనుమతించే ఒత్తిడి) తీసుకుని మందం మళ్ళీ లెక్క కట్టాలి, పాత షెడ్యూల్ (పైపు మందం నంబరు) గుడ్డిగా రాయకూడదు.

14ఎంఓవీ63, హెచ్ఎఫ్ఎస్ 660 లాంటి వనేడియం గ్రేడ్‌లకి ఏ335లో జోడీ లేదు. పీ22 వేస్తారు గానీ మందం పెరుగుతుంది, సపోర్టులు, హ్యాంగర్లు కూడా చూసుకోవాలి. 15ఎంఓ3, పీ1 లాంటి క్రోమియం లేని మాలీ స్టీల్ హాట్ లైన్‌లో కనిపిస్తే నేనైతే అదే మళ్ళీ అడగను, 1943లో అమెరికాలో స్ప్రింగ్‌డేల్ ప్లాంట్‌లో 505 డిగ్రీల స్టీమ్ లైన్ వెల్డ్ పక్కనే గ్రాఫైట్ ఏర్పడి తెగిపోయింది, అది అచ్చం అలాంటి కార్బన్ మాలీ పైపే.

పైపు వచ్చాక వైర్ బ్రష్‌తో గీకి హీట్ నంబర్ (ఆ స్టీల్ కరిగించిన బ్యాచ్ నంబర్) చూడండి, టెస్ట్ సర్టిఫికెట్‌తో కలపండి, ప్రతి ముక్కకీ పీఎంఐ (ఎక్స్‌రే గన్‌తో లోహం ఏంటో చూసే టెస్ట్) పెట్టండి. ఒకసారి మాకు పీ22 అని పెయింట్‌తో రాసిన 6 ఇంచుల పైపు వచ్చింది, గన్ పెడితే క్రోమియం 1.1 చూపించింది, ఆ పూట వెల్డింగ్ ఆపించాం. ఎక్స్‌రే గన్ కార్బన్ చూపించదు, దానికి స్పార్క్ మెషీన్ కావాలి. ఐబీఆర్ (ఇండియన్ బాయిలర్ రెగ్యులేషన్స్) కింద వచ్చే లైన్ అయితే పైపు కొనకముందే ఈ మార్పుకి బాయిలర్ ఇన్‌స్పెక్టర్ ఆమోదం తీసుకోండి, కొన్నాక అడిగితే ఆ పైపు స్టోర్‌లోనే పడుంటుంది.