రాగి రేకుపై వెండి గూడు అతకనప్పుడు: నా అనుభవం

రాగి రేకుపై సన్నని వెండి పట్టెతో చేసిన, రాయిని పొదిగే గూడును అతికేటప్పుడు, టంకం (అతికించే లోహం) కరిగి వెండి గోడపైకి పాకిపోయేదే కాని రాగితో కలిసేది కాదు. టంకం ఎక్కువ వేయడం, మంట పెంచడం, తీగతో బిగించడం ఏదీ ఫలించలేదు.

టంకం వేడి ఎక్కువగా ఉన్న వైపుకే పారుతుంది. పైనుంచి మంట పెడితే పలుచని వెండి ముందుగా వేడెక్కుతుంది, మందమైన రాగి వెనుకబడి, ఈలోగా నల్లని ఆక్సైడు పొర కడుతుంది. అందుకే మంటను కిందికి మార్చాను.

ముందుగా రాగిని గరుకు కాగితంతో మెరిసేలా రుద్ది, గూడు అడుగు అంచును అదే కాగితంపై, రేకు మీద నిలిపి వెలుతురుకు ఎదురుగా చూసినా సందు కనబడనంత వరకు అరగదీశాను. తరువాత రెండింటికీ వెలిగారం (బోరాక్స్) ముద్ద పూసి, ముక్కాలి పీటపై పరచిన ఇనుప వలమీద పెట్టి, టంకం ముక్కలను గూడు లోపల గోడకూ రేకుకూ తగిలేలా అమర్చాను. మంటను వల కింద రేకు అంచుల వెంబడి తిప్పుతూ, వెలిగారం పొంగి, అణిగి, గాజులా పారదర్శకమయ్యాకే మధ్యకు తెచ్చాను; అతుకు చుట్టూ మెరుపు గీత పరుగెత్తిన క్షణంలోనే మంట తీసివేయాలి. చల్లారాక వెచ్చని నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) నీటిలో వేసి శుభ్రం చేశాను. (అందులో ఇనుప పటకారు ముంచితే వెండిపై రాగి పూత ఎక్కుతుంది కనుక రాగి పటకారే మేలు.) రాయిని పొదగడం ఇదంతా ముగిశాకే.

నేను చేసినవి చిన్న లాకెట్లు, అవీ స్వచ్ఛమైన వెండి పట్టెతో. అది 961 డిగ్రీల సెల్సియస్ వరకు కరగదు. 925 వెండి (92.5 శాతం వెండి ఉన్న మిశ్రమం) అంతకంటే చాలా ముందే కరగడం మొదలుపెడుతుంది కనుక అంత వెసులుబాటు ఉండదు. వెడల్పైన రేకులకు చిన్న బ్యూటేన్ టార్చి వేడి చాలకపోవచ్చు.