చదునైన రోడ్డు మీద కూడా సైకిల్ బరువెక్కుతోందా?

సైకిల్ కొనేటప్పుడు షాపులో ముందు అడిగేది ‘ఎన్ని గేర్లు?’ అని. రావులపాలెం నుంచి అమలాపురం వెళ్లినా, పాలకొల్లు నుంచి నరసాపురం వెళ్లినా వంతెనల వాలు తప్ప ఎక్కాల్సిన ఎత్తు ఏముంది? మన గోదావరి డెల్టాలో మనల్ని అలసిపెట్టేవి ఎదురుగాలి, జిగట మట్టి, ఉప్పుగాలి. ఉన్న సైకిల్ ఎక్కడ ఇబ్బంది పెడుతోందో చూసుకుంటే కొత్తది ఏది కావాలో తెలుస్తుంది. అసలు అక్కర్లేదని కూడా తేలొచ్చు.

సమస్య: తారురోడ్డు మీద బండి సాగదు, టైర్లు గుర్రుమని మోత.

మన ఊళ్లలో రేంజర్ సైకిల్ అనే లావు టైర్ల బండితో ఎక్కువగా వచ్చే తంటా ఇది. మొదట ఒక్కో చక్రం పైకెత్తి తిప్పండి. బ్రేకు రబ్బరు రాసుకుంటుంటే అది సరిచేస్తే చాలు. తర్వాత గాలి చూడండి. లావు టైరును బొటనవేలితో నొక్కితే గట్టిగానే అనిపిస్తుంది, నమ్మొద్దు. ఎంత గాలి పట్టాలో టైరు పక్కనే అచ్చు వేసి ఉంటుంది, మీటరున్న పంపుతో కొట్టించండి. అప్పటికీ సాగకపోతే తప్పు టైరు గుబ్బలది. గుబ్బలు కొండదారి రాళ్లను పట్టుకోవడానికి పెట్టినవి, తారు మీద శక్తిని తింటాయి. అదే 26 అంగుళాల రిమ్ముకు ఒకటిన్నర అంగుళం వెడల్పున్న నున్నటి టైర్లు వేయిస్తే కొత్త సైకిల్ ఖర్చు తప్పుతుంది.

ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కులో స్ప్రింగు ఉంటే నిలబడి తొక్కినప్పుడల్లా కిందికి దిగుతుంది, మీ బలం కొంత అక్కడే పోతుంది. చవక సైకిళ్లలో అది అదనపు బరువే. నా మాట అడిగితే, ఆఫీసుకో కాలేజీకో రోజూ వెళ్లేవాళ్లకు స్ప్రింగు లేని హైబ్రిడ్ మేలు, అంటే రేంజర్‌కూ సన్న టైర్ల రోడ్ బైక్‌కూ మధ్య రకం. 700సి అనే సైజు చక్రం, 35 నుంచి 40 మిల్లీమీటర్ల టైరు, మడ్‌గార్డులకూ క్యారియర్‌కూ ఫ్రేములో బోల్టు రంధ్రాలు ఉన్నది చూసుకోండి. ఆ రంధ్రాలు లేకపోతే తర్వాత తిప్పలే.

సమస్య: పోయేటప్పుడు హాయి, వచ్చేటప్పుడు కాళ్లు పీకుతాయి.

కారణం గాలి. ఎండాకాలం సాయంత్రం రాజోలు నుంచి అంతర్వేది వైపు తొక్కినవాళ్లకు చెప్పక్కర్లేదు. నిటారుగా కూర్చుంటే ఒళ్లంతా గాలికి అడ్డం. హ్యాండిల్ కాస్త దించి, మోచేతులు వంచి తొక్కండి. గేర్లు పనికొచ్చేది ఇక్కడే. వేగం తగ్గినా తేలిక గేరులో కాళ్లు ఒకే తీరున తిప్పుతుంటే అలసట తగ్గుతుంది. వెనక ఆరో ఏడో ఉంటే సరిపోతాయి, పెడళ్ల దగ్గర పళ్ల చక్రాలు మూడుండటం మన నేలకు దండగ.

వంపు హ్యాండిల్ రోడ్ బైక్ గాలిని బాగా కోస్తుంది. తెల్లవారుజామున 216 జాతీయ రహదారి మీద సరదాగా తొక్కడానికి బాగుంటుంది, సందేహం లేదు. కానీ 25, 28 మిల్లీమీటర్ల టైర్లతో రొయ్యల చెరువుల లారీలు తిరిగే గుంతల రోడ్డెక్కితే రిమ్ము వంగుతుంది. పైగా వాటి వాల్వు సన్నం, పల్లెటూరి పంచరు షాపు పంపుకు పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టరు జేబులో ఉంచుకోండి. రోడ్ బైక్‌ను రెండో సైకిల్‌గానే కొనాలి.

సమస్య: వాన పడ్డాక కాలవ గట్టు మీద చక్రం బిగుసుకుపోతుంది.

నల్లరేగడి టైరుకు అంటుకుని మడ్‌గార్డు లోపల గట్టిపడుతుంది. లావు టైరుకైతే సందు తక్కువ, ఇంకా తొందరగా బిగుస్తుంది. టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య వేలు దూరేంత ఖాళీ ఉన్న బండి చూసుకోండి. వానల్లో మాత్రం చుట్టు తిరిగైనా తారురోడ్డే. ఎండిన గట్టు మీద హైబ్రిడ్ చక్కగా వెళ్తుంది.

సమస్య: బరువు కడితే వెనక ఊగుతుంది, స్పోకులు తెగుతాయి.

కొబ్బరికాయల బస్తా, పాల క్యాన్లు మోయాలంటే 28 అంగుళాల నల్ల పెద్ద సైకిలే. దానికి సాటి లేదు. ఒక్క లోపం: ఇనుప రిమ్ము తడిస్తే రాడ్ బ్రేకు జారుతుంది. వానలో ఆగాల్సిన చోటుకు చాలా ముందే బ్రేకు మెల్లగా తాకించి రిమ్ము మీది నీళ్లు తుడుచుకోనివ్వాలి. హైబ్రిడ్‌కు బరువు కడితే క్యారియర్ మీద ఎన్ని కిలోలని రాసుందో చూసి కట్టండి.

సమస్య: చైను వారానికే తుప్పు, సీటు పైకీ కిందికీ కదలదు.

సముద్రం దగ్గరి ఊళ్లలో ఇది మామూలే. చైనుకు నిండు కవరున్న సైకిల్ కొంటే సగం గొడవ వదులుతుంది. లేకపోతే పొడిగుడ్డతో తుడిచి, లింకుకో చుక్క చైను ఆయిల్ వేసి, పైన మిగిలింది తుడిచేయండి. వంటనూనె వద్దు, జిడ్డుకట్టి దుమ్ము పడుతుంది. సీటు గొట్టం అప్పుడప్పుడూ బయటికి లాగి గ్రీజు రాయకపోతే ఫ్రేములో అతుక్కుపోతుంది. సఖినేటిపల్లి రేవులో పంటు (గోదావరి దాటించే బల్లకట్టు) ఎక్కించేటప్పుడు ఉప్పునీళ్లు తగిలితే ఇంటికి రాగానే మంచినీళ్లతో కడగండి.

సమస్య: మోకాలి ముందు భాగం నొప్పి.

సైకిల్ మార్చక్కర్లేదు, సీటు కిందికుంది. పెడల్ అడుగున ఉన్నప్పుడు దాని మీద మడమ ఆనిస్తే కాలు తిన్నగా చాపుకునేంత ఎత్తు పెట్టండి. సీటు గొట్టం మీద హద్దు గీత ఉంటుంది, అది దాటించొద్దు. దాటితే తప్ప కుదరకపోతే ఫ్రేమే మీకు చిన్నది.

డిస్క్ బ్రేకు కీచుమంటే? ప్యాడ్లకు నూనె అంటి ఉండొచ్చు, అలాగైతే మార్చాలి. అవి పల్లెల్లో దొరకడం కష్టం. రిమ్మును రెండు వైపులా నొక్కే మామూలు వి-బ్రేకు రబ్బర్లు ఏ షాపులోనైనా ఉంటాయి.

బ్యాటరీ సైకిల్ ఆలోచన ఉంటే, 250 వాట్ల లోపు మోటారు, గంటకు 25 కిలోమీటర్ల లోపు వేగం ఉన్నదానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఎదురుగాలికి మంచి మందే. కాకపోతే వరదొచ్చే లంక ఊళ్లో ఉంటే, బ్యాటరీ ఊడదీసి అటక మీద పెట్టుకునే వీలున్నదే తీసుకోండి.