ఎండలు ముదిరేలోపు పాత కారు పెట్రోలు ప్రెషర్ చూపించుకోండి

మా ఇంట్లో 2004 నాటి పెట్రోలు కారు ఉంది. రెండేళ్ల కిందట మే నెల మిట్టమధ్యాహ్నం మంగళగిరి నుంచి విజయవాడ వస్తుంటే వారధి మీద ఆగిపోయింది. వెనక లారీల హారన్లు, పక్క సీట్లో మా అమ్మ, ఏసీ ఆగిన నిమిషంలోనే పొయ్యిలా మారిన కారు. పది నిమిషాలాగి సెల్ఫ్ కొడితే అందుకుంది. బెంజి సర్కిల్ దాకా వచ్చి మళ్లీ దగ్గింది.

ఆటోనగర్‌లో ఒక షాపులో చూపిస్తే బానెట్ ఎత్తకుండానే "పంపు పోయుంటుంది సార్" అన్నారు. మార్చారు. వారం తిరక్కుండా మళ్లీ అదే కథ. ఫిల్టర్ మార్చారు, ప్లగ్గులు మార్చారు, ఇంజెక్టర్లు కడిగారు. ఆఖరికి మా మేనమామ తనకు తెలిసిన ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన ముందు, పంపు తోసిన పెట్రోలు ఇంజిన్‌కు వెళ్లే లైనుకు ప్రెషర్ గేజ్ కట్టాడు. ఐడిల్‌లో ముల్లు బాగానే నిలబడింది. ఏసీ, హెడ్‌లైట్లు వేసి రేజ్ చేస్తే మెల్లగా కిందికి జారింది. వెనక సీటు ఎత్తి మీటరు పెట్టాడు. బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులు, పంపు కనెక్టరు దగ్గర 10 కూడా లేవు. పంపు ఎర్తు వైరును బాడీకి బిగించిన చోట బోల్టు కింద తుప్పు. ఎమ్రీ పేపరుతో మెరిసేదాకా రుద్ది, కొత్త బోల్టు వేసి బిగించాడు. "కొత్త పంపు వేశారు సరే, దానికి తిండి పెట్టేదెవరు బాబూ?" అన్నాడు.

అప్పటి నుంచి ఉగాది వెళ్లగానే గేజ్ కట్టించడం నాకు అలవాటైంది. మీ కారు పదిహేనేళ్లు దాటిందా, మే నెలలో శ్రీశైలమో హైదరాబాదో వెళ్లే ఆలోచన ఉందా? అయితే ఎండలు ముదిరేలోపు ఈ పని పూర్తి చేసుకోండి.

ఎండాకాలంలోనే ఎందుకంటే

పెట్రోలులో తేలికైన భాగం 35, 40 డిగ్రీలకే మరగడం మొదలుపెడుతుంది. మన ఊళ్లో మే నెల గాలే అంతకంటే వేడి. బానెట్ కింద సంగతి చెప్పక్కర్లేదు. అయితే లైనులో ప్రెషర్ గట్టిగా ఉన్నంతసేపు పెట్రోలు అంత తేలిగ్గా ఆవిరి కాదు. ప్రెషర్ తగ్గితేనే బుడగలు, బుడగలొస్తే ఇంజిన్‌కు పెట్రోలు సరిగా అందదు. అందుకే జనవరిలో మాట రానివ్వని బండి మేలో మొరాయిస్తుంది. లోపం అప్పుడూ ఉంది, ఎండ దాన్ని బయటపెడుతుంది.

టాంకులో ఉండే పంపును చల్లబరిచేది చుట్టూ ఉన్న పెట్రోలే. రిజర్వులో తిప్పే అలవాటుంటే పంపు వేడెక్కి ముందే అరుగుతుంది, అడుగున చేరిన మడ్డినీ లాగుతుంది. ఈ రెండు నెలలైనా ముల్లును పావు టాంకు కిందికి దిగనివ్వకండి. ఏ ఖర్చూ లేని జాగ్రత్త ఇదొక్కటే.

బండి ముందే చెప్పే మాటలు

పొద్దున మొదటిసారి సెల్ఫ్ ఎక్కువసేపు కొట్టాల్సి రావడం. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు, లారీని దాటేటప్పుడు కాలు నొక్కినా బండి లాగకపోవడం. వేగం నిలకడగా ఉన్నప్పుడు బాగుండి, ఏసీ వేయగానే కుదుపులు రావడం. నేను అన్నిటికంటే ఎక్కువగా నమ్మే గుర్తు ఇంకొకటుంది. దారిలో టీకి ఆగి, పావుగంట తర్వాత వచ్చి సెల్ఫ్ కొడితే అందుకోకపోవడం, కాసేపటికి అందుకుని నిమిషం పాటు మిస్సింగ్ కొట్టడం. అంటే బండి ఆపాక లైనులో నిలవాల్సిన ప్రెషర్ జారిపోయింది, వేడికి లోపలిది ఆవిరైంది.

ప్లగ్గులు, కాయిల్, మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్ కూడా ఇవే వేషాలు వేస్తాయి. గేజ్ పెట్టనిదే ఎవరి మాటా ఖాయం కాదు.

చెయ్యి పెట్టే ముందు

ఇంట్లోనే చూసుకుందామనుకునే వాళ్లు ఈ భాగం రెండుసార్లు చదవండి. పెట్రోలు మైనస్ 40 డిగ్రీల దగ్గర కూడా అంటుకునేంత ఆవిరి వదులుతుంది. ఆ ఆవిరి గాలికంటే బరువు, పైకి పోదు, నేల మీద పాకుతుంది. కాబట్టి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పెట్రోలు లైను విప్పకండి. మీరు సిగరెట్ కాల్చకపోవచ్చు, కానీ అదే సెల్లార్ మూలన వాచ్‌మన్ సంపు మోటారు స్విచ్ వేస్తాడు. ఆ ఒక్క నిప్పురవ్వ చాలు. బయట, గాలి ఆడేచోట, ఇంజిన్ పూర్తిగా చల్లారాక, పొద్దున్నే చేసుకోండి. చూడటానికి ఎల్‌ఈడీ టార్చి వాడండి. వైరుకు వేలాడే గాజు బల్బు పగిలితే దాని తీగే నిప్పు.

ఇంజెక్షన్ బండ్లలో (కార్బురేటర్ లేకుండా ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మేవి) ఇంజిన్ ఆపాక కూడా లైనులో ప్రెషర్ ఉంటుంది. గొట్టం ఊడదీస్తే పిచికారీలా కళ్లలోకి కొడుతుంది. ముందు పంపు ఫ్యూజు గానీ రిలే గానీ పీకి, ఇంజిన్ స్టార్ట్ చేసి దానంతటదే ఆగిపోనివ్వండి. మరో రెండు మూడు సెకన్లు సెల్ఫ్ కొట్టి, బ్యాటరీ నెగటివ్ తీసేయండి. కళ్లద్దాలు పెట్టుకుని, జాయింటు చుట్టూ గుడ్డ చుట్టి, మెల్లగా వదులు చేయండి. అప్పటికీ కొంచెం కారుతుంది. ఆ గుడ్డను కారు కింద వదిలేయకండి.

పక్కన పౌడర్ ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉండాలి, లేదంటే కనీసం ఒక బకెట్ పొడి ఇసుక. పెట్రోలు మంట మీద నీళ్లు పోస్తే మంట నీళ్లమీద తేలుతూ పాకుతుంది. నోటితో గొట్టం పీల్చి పెట్రోలు తీయడం మన దగ్గర ఇంకా ఉంది. గుటక పడటం కంటే ఊపిరితిత్తుల్లోకి పోవడం ప్రమాదం. ఎవరైనా మింగితే వాంతి చేయించకండి, 108కి ఫోన్ చేయండి.

పరీక్షలు, తేలికైన దానితో మొదలుపెట్టి

తాళం ఆన్ చేసి, సెల్ఫ్ కొట్టకుండా, వెనక సీటు దగ్గర చెవి పెట్టండి. రెండు మూడు సెకన్లు పంపు 'జుయ్' మనాలి. మౌనంగా ఉంటే ఫ్యూజు, రిలే చూడండి. అవి బాగుంటే ఒకరు తాళం తిప్పుతుండగా ఇంకొకరు టాంకు అడుగున రబ్బరు సుత్తితో మెల్లగా తట్టండి. అప్పుడు పంపు తిరిగితే లోపల బ్రష్‌లు అరిగాయి. ఆ తిరగడం చూసి ప్రయాణం పెట్టుకోకండి.

ఒకసారి పెట్రోలు మూత తీసి చూడండి. పెద్దగా గాలి పీల్చిన చప్పుడు వచ్చి, ఆ తర్వాత కాసేపు బండి హాయిగా నడిస్తే టాంకులోకి గాలి వెళ్లే దారి మూసుకుపోయింది. మూతనో వెంట్ గొట్టాన్నో చూస్తే చాలు.

ఇక గేజ్. పాత చిన్న కార్లలో చాలా వాటికి గేజ్ తగిలించే పోర్టు ఉండదు. లైనులో టీ-జాయింటు వేయాలి. ఇక్కడే ఎక్కువ నిర్లక్ష్యం చూశాను. ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు తగిన హోసే అడిగి తీసుకోండి. కార్బురేటర్ బండి పైపు గానీ ఇంకేదైనా రబ్బరు ముక్క గానీ 3 బార్ (బార్ అంటే ప్రెషర్ కొలత) దగ్గర ఉబ్బి జారిపోవచ్చు. కింద వేడి ఎగ్జాస్ట్ ఉంది.

మిగిలిన పెట్రోలును టాంకుకు వెనక్కి పంపే రిటర్న్ లైను ఉన్న బండ్లలో మామూలుగా ఐడిల్‌లో 2.5 బార్ అటూ ఇటూ ఉంటుంది. ప్రెషర్‌ను అదుపులో ఉంచే రెగ్యులేటర్ మీది సన్నటి వాక్యూమ్ గొట్టం పీకితే 3 దగ్గరికి ఎగబాకాలి. పీకిన గొట్టంలో పెట్రోలు తడి కనిపిస్తే రెగ్యులేటర్ డయాఫ్రం (లోపలి పొర) చిరిగినట్టే, ఇంకేమీ వెతకక్కర్లేదు. రెగ్యులేటర్ టాంకులోనే ఉండే బండ్లలో రీడింగు దాదాపు ఒకేలా నిలవాలి. మీ మోడల్‌కు సరైన అంకె సర్వీస్ మాన్యువల్‌లో చూడండి, నా లెక్క ఒక అందాజు మాత్రమే. కార్బురేటర్ మారుతి 800, అంబాసిడర్ లాంటివాటికి ఇంజిన్‌కే బిగించిన మెకానికల్ పంపు ఉంటుంది. వాటి ప్రెషర్ 0.2, 0.3 బార్ మాత్రమే. పక్కింటి ఇంజెక్షన్ కారు అంకె పట్టుకుని అక్కడ కంగారు పడకండి.

ఐడిల్‌లో బాగుంటే సంబరపడి గేజ్ విప్పకండి. మా బండి చెప్పిన అబద్ధం అదే. ఏసీ, లైట్లు, ఫ్యాన్ అన్నీ వేసి రేజ్ చేసి చూడాలి. భారం పడ్డప్పుడే ముల్లు జారితే అనుమానం మూడింటి మీద: ఫిల్టర్, పంపు, పంపుకి అందే కరెంటు. నా సలహా, కరెంటు నుంచే మొదలుపెట్టమని. పంపు నడుస్తుండగా కనెక్టరు దగ్గర కొలిస్తే బ్యాటరీ వోల్టేజికి ఒక వోల్టుకు మించి తేడా ఉండకూడదు. తర్వాత ఫిల్టర్. ఆ తర్వాతే పంపు. పంపు తీయాల్సి వస్తే దాని కిందున్న జాలీని తప్పకుండా చూడమనండి. జాలీ నిండా మడ్డి పెట్టుకుని పంపును తిట్టి లాభం లేదు.

కొందరు మెకానిక్‌లు రిటర్న్ హోస్‌ను ప్లయర్‌తో నొక్కి చూస్తారు. ప్రెషర్ ఎగిరితే పంపుకు దమ్ముంది, రెగ్యులేటర్ వదిలేస్తోంది. పరీక్ష మంచిదే, కానీ ఒకటి రెండు సెకన్లకు మించకూడదు. పంపు తోసేదానికి దారి లేక ప్రెషర్ 5 బార్ దాటొచ్చు. ఇరవయ్యేళ్ల రబ్బరు అందుకు తట్టుకుంటుందని నేను పందెం కాయను.

ఇంజిన్ ఆపాక ఐదు నిమిషాలు ముల్లును చూడండి. మెల్లగా దిగితే ఫర్వాలేదు. గబగబా సున్నాకు పడితే పంపులో పెట్రోలును వెనక్కి జారనివ్వని చెక్ వాల్వ్, రెగ్యులేటర్, కారే ఇంజెక్టర్, ఈ మూడింట్లో ఒకటి. టీ కొట్టు దగ్గర ఇబ్బంది పెట్టేది ఇదే.

మన ఊరి బండ్లకు ప్రత్యేకంగా

2024 సెప్టెంబరు బుడమేరు వరదలో సింగ్‌నగర్ వైపు ఎన్నో కార్లు మునిగాయి. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లు టాంకు అడుగు, ఎర్తు పాయింట్లు, సీటు కింది కనెక్టర్లు ఒకసారి విప్పించి చూడాలి. కనెక్టరు పిన్నుల మీద పచ్చటి పొడి కనిపిస్తే నీళ్లు తాగిన బండే.

ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తోంది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, నీళ్లు ఎక్కువైతే వాటితో కలిసి టాంకు అడుక్కి దిగుతుంది. పంపు లాగేదీ అడుగు నుంచే. నెలల తరబడి కవరు కప్పి ఉంచిన కారును నేరుగా ప్రయాణానికి తీయొద్దు. పాత రబ్బరు హోసులను వేళ్లతో నొక్కి చూడండి. మెత్తబడి జిగురుగా ఉన్నా, వంచితే పగుళ్లు కనిపించినా మార్చేయండి.

ఇదంతా పెట్రోలు బండ్ల సంగతి. కామన్ రైల్ డీజిల్ జోలికి ఇంట్లో వెళ్లకండి. అక్కడ ప్రెషర్ 1000 బార్ దాటుతుంది. సన్నటి చిమ్ము చర్మాన్ని చీల్చి లోపలికి పోతుంది, పైకి సూది గుచ్చినంత గాయమే కనిపిస్తుంది. అలా తగిలితే నొప్పి లేదని ఊరుకోకుండా అప్పటికప్పుడే ఆసుపత్రికి వెళ్లాలి.

షాపుకి వెళ్లేవాళ్లు "పంపు చూడండి" అనకండి, పంపే మారుస్తారు. "బాబాయ్, ముందు గేజ్ కట్టి లోడ్ మీద రీడింగు చెప్పు" అనండి. ఐడిల్‌లో ఎంత, లోడ్ మీద ఎంత, ఆపిన ఐదు నిమిషాలకు ఎంత, పంపు దగ్గర ఎన్ని వోల్టులు, ఈ నాలుగూ కాగితం మీద రాయించుకోండి. మా కారు డాష్‌బోర్డులో ఆర్‌సీ కవరులో అలాంటి చీటీలు ఇప్పటికి రెండున్నాయి. మొన్న రాయించిన దాంట్లో పంపు దగ్గర 13.3 అని ఉంది.