కత్తి విరిగినా, బిందె చిట్లినా ముందు విరిగిన చోటు చూడండి

ఉద్దానం తోటల్లో కొబ్బరికాయలు కొట్టే కత్తి అంచు ఊడినా, టెక్కలి క్వారీలో ఉలి మొన ఎగిరిపోయినా, సంతలో కొన్న ఇత్తడి బిందె నెర్రె విచ్చినా వెంటనే వినిపించే మాట ఒకటే: సరుకు కల్తీది. చాలాసార్లు ఆ నింద అన్యాయం. లోహంలో ఏది ఎంత పాళ్లలో కలిసిందన్నది సగం సంగతి. దాన్ని ఎంత కాల్చారు, ఏ వేడి మీద కొట్టారు, ఎలా చల్లార్చారు అన్నది మిగతా సగం. ఆ రెండో సగం జాడ విరిగిన చోటే కనిపిస్తుంది.

లోహం నిండా సన్నని స్ఫటిక రేణువులు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉంటాయి. ఒక్కో రేణువులో పరమాణువుల వరసలు ఒక్కో దిక్కుకు తిరిగి ఉంటాయి. లోహం వంగిందంటే ఆ వరసలు జారాయని అర్థం. ఆ జారుడుకు రేణువుల సరిహద్దు అడ్డుకట్ట వేస్తుంది. రేణువులు చిన్నవైతే సరిహద్దులు పెరుగుతాయి, బలమూ పెరుగుతుంది. 1951లో హాల్, 1953లో పెచ్ అనే పరిశోధకులు దీన్ని లెక్కకు తెచ్చారు. రేణువు వ్యాసం నాలుగో వంతుకు తగ్గితే, సరిహద్దుల వల్ల వచ్చే బలం రెట్టింపవుతుంది. ఉక్కును గట్టిపరిచే మిగతా ఉపాయాలు చాలావరకు పెళుసుదనాన్నీ వెంట తెస్తాయి. రేణువులు సన్నబడితే మాత్రం బలమూ, దెబ్బను ఓర్చుకునే గుణమూ కలిసి పెరుగుతాయి. కొలిమి పనిలో ఇంతకన్నా విలువైన సంగతి లేదని నా నమ్మకం.

సమస్య: కత్తి లేదా ఉలి దెబ్బకు పుటుక్కున విరుగుతోంది

మన ఊళ్లలో మంచి కత్తులు ఎక్కువగా పాత లారీ కమాను పట్టీలతో చేస్తారు. అందులో కార్బన్ 0.5 నుంచి 0.6 శాతం దాకా ఉంటుంది. కత్తికి అది చక్కని ఉక్కు. విరిగిన ముక్కను తుడవకుండా ఎండలోకి తీసుకెళ్లి, అటూ ఇటూ తిప్పి చూడండి.

విరిగిన ముఖం పంచదార పలుకుల్లా మెరుస్తుంటే ఉక్కును అతిగా కాల్చారు. ఎరుపు దాటి పసుపు, తెలుపు దాకా వెళ్తే రేణువులు ఒకదాన్నొకటి మింగి పెద్దవవుతాయి. దీనికి మందు ఉంది. ముక్కను నెమ్మదిగా వేడి చేస్తూ అయస్కాంతం తాకించి చూడాలి. దాదాపు 770 డిగ్రీల దగ్గర అయస్కాంతం పట్టు వదిలేస్తుంది. అక్కడి నుంచి ఎరుపు కాస్త పెరగనిచ్చి, బయటికి తీసి, గాలి తగిలే చోట కదపకుండా ఆరనివ్వాలి. ఇలా రెండు మూడు సార్లు చేస్తే ప్రతిసారీ కొత్త రేణువులు సన్నగా పుడతాయి. దీన్నే నార్మలైజింగ్ అంటారు. అయితే కొలిమిలో ఉండగానే ఉక్కు నుంచి నిప్పురవ్వలు చిమ్మితే రేణువుల సరిహద్దులే కాలిపోయాయని అర్థం. దానికి వైద్యం లేదు. ఆ మేర నరికి పారేయాల్సిందే.

ముఖం బూడిద రంగులో నునుపుగా, సన్నగా ఉందా? రేణువులు బాగానే ఉన్నాయి. నూనెలో ముంచి గట్టిపరిచాక మళ్లీ తగుమాత్రం వేడి చేయడం వదిలేశారన్నమాట. ముంచిన ఉక్కు ఆ స్థితిలో గాజుకు దగ్గర. దాని ఒక పక్కను తళతళలాడేలా రుద్ది, మంటకు దూరంగా పట్టుకుని మెల్లగా వేడి చేస్తే పైన రంగులు నడుస్తాయి. లేత గడ్డి రంగు దాదాపు 220 డిగ్రీలు, గోధుమ రంగు 255, ఊదా 275, నీలం 300. కోతకే వాడే కత్తికి గడ్డి రంగు చాలు. కొబ్బరికాయ మీద, కట్టె మీద దెబ్బ వేసే కత్తికి ఊదా దాటి నీలం అందుకోవాలి. ఈ పనిని తొందరపడి ముగించే వాళ్లను చూస్తే నాకు బాధ కలుగుతుంది. కాసేపు ఓపిక పడితే ఏళ్ల తరబడి నిలిచే పనిముట్టు అది.

ఇక విరిగిన ముఖంలో ఒక పక్క మాత్రం నల్లగానో నీలంగానో ఉంటే ఆ పగులు పాతది. ముంచినప్పుడే పుట్టి, తర్వాతి వేడికి రంగు ఎక్కింది. కమాను పట్టీని నీళ్లలో ముంచడమే దీనికి ఎక్కువగా కారణం. ఈ ఉక్కుకు గోరువెచ్చని నూనె వాడండి.

సమస్య: అంచు మడత పడుతోంది, పదును నిలవడం లేదు

ఆకురాయితో అంచును గీయండి. ఆకురాయి జారిపోకుండా కొరికితే అంచు మెత్తగా ఉంది. సరైన వేడి అందక ముందే ముంచి ఉండవచ్చు. లేదా అది కార్బన్ తక్కువ ఉన్న మామూలు ఇనుము. అలాంటప్పుడు ఎన్నిసార్లు ముంచినా ఫలితం ఉండదు, ముక్క మార్చాలి. మూడో కారణం సాన యంత్రం. సాన పట్టేటప్పుడు అంచు నీలంగా మారిందంటే అక్కడ గట్టిదనం చాలావరకు పోయినట్టే. ఆ నీలం మేర చల్లగా అరగదీసి తీసేయండి. సాన పడుతున్నంతసేపూ అంచును నీటిలో ముంచుతూ ఉండాలి.

సమస్య: వెల్డింగ్ నిలిచింది, పక్కన ఇనుము పగిలింది

ట్రాక్టరు నాగలికీ కమానుకూ అతుకు వేసినప్పుడు ఇది ఎక్కువ. అతుకు పక్కనున్న పట్టీ క్షణాల్లో తెల్లగా కాలి, చుట్టూ ఉన్న చల్లని ఇనుము వేడిని లాగేయడంతో నీటిలో ముంచినంత వేగంగా చల్లారుతుంది. అక్కడ పెద్ద రేణువులూ, పెళుసుదనమూ రెండూ చేరతాయి. వెల్డింగు రాడ్డులో తేమ ఉంటే హైడ్రోజన్ లోపలికి దిగి, గంటల తర్వాత కూడా పగుల్చుతుంది. అతుకు వేసే ముందు ఆ భాగాన్ని 200 నుంచి 300 డిగ్రీల దాకా వేడి చేయండి. హైడ్రోజన్ తక్కువ వదిలే 7018 రకం రాడ్లు ఆరబెట్టి వాడండి. అతుకు వేశాక పొడి బూడిదలో పూడ్చి మెల్లగా చల్లారనివ్వండి.

ఇల్లు కట్టే టీఎంటీ చువ్వలదీ ఇదే కుటుంబం. మిల్లులో నీళ్ల జల్లుతో వాటి పైపొర గట్టిపడుతుంది, లోపలి భాగం సాగే గుణంతో ఉంటుంది. వంపు కోసం ఎర్రగా కాలిస్తే ఆ పైపొర బలం పోతుంది. చల్లగానే, తగినంత లావు పిన్ను చుట్టూ వంచాలి.

సమస్య: ఇత్తడి రేకు కొడుతుంటే అంచులు చిట్లుతున్నాయి

సారవకోట మండలంలోని బుడితి కంచు, ఇత్తడి పనికి భౌగోళిక గుర్తింపు ఉంది. ఇత్తడి పని తెలిసిన వాళ్లకు సుత్తి తిరిగి ఎగిరే తీరులోనే రేకు బిగుసుకుందని తెలుస్తుంది. కొట్టేకొద్దీ రేణువులు సాగి, చిక్కుబడి, ఇక జారలేని స్థితికి వస్తాయి. అప్పుడు వేడి చేస్తే కొత్త రేణువులు పుట్టి రేకు మళ్లీ మెత్తబడుతుంది. 500 నుంచి 650 డిగ్రీలు చాలు. ఎండలో ఆ ఎరుపు సరిగా కనిపించదు, అందుకే నీడలో మందమైన ఎరుపు చూసి ఆపాలి. ఎక్కువసేపు ఉంచితే రేణువులు పెరిగి, మళ్లీ కొట్టినప్పుడు ఉపరితలం గరుకుగా పొంగుతుంది. ఆ గరుకు కనిపిస్తే తర్వాతి వేడి తగ్గించండి.

పాత కుళాయిల తుక్కు కలిపిన ఇత్తడి వేడి మీద కొట్టగానే ముక్కలైతే, అందులోని సీసం కారణం. సీసం కరిగి రేణువుల సరిహద్దుల్లో నిలుస్తుంది. అలాంటి తుక్కును వంటపాత్రలకు అసలు వాడకూడదు. ఇది ఆరోగ్యానికి సంబంధించిన విషయం.

సమస్య: ఎవరూ తాకకుండానే ఇత్తడి బిందె నిలువునా చీలింది

బిందె ఎక్కడ పెట్టారో అడగండి. చాలాసార్లు పశువుల శాల అని జవాబు వస్తుంది. పశువుల మూత్రం నుంచి వచ్చే అమోనియా, గాలిలోని తేమ, కొట్టినప్పుడు లోహంలో మిగిలిపోయిన బిగువు మూడూ కలిస్తే రేణువుల సరిహద్దుల వెంట పగులు పాకుతుంది. బ్రిటిష్ హయాంలో గుర్రపు శాలల్లో దాచిన ఇత్తడి తూటాలు వానాకాలంలో ఇలాగే చీలాయి. పాత్ర తయారయ్యాక 250 డిగ్రీల పైన గంటసేపు వేడి చేస్తే బిగువు సడలుతుంది, గట్టిదనం మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. చీలిన బిందెను మాత్రం కరిగించాల్సిందే.

సమస్య: కంచు సుత్తి దెబ్బకు పగులుతోంది

రాగి 78, తగరం 22 పాళ్ల కంచు మెల్లగా చల్లారితే లోపల పెళుసైన తగరపు సమ్మేళనం చేరుతుంది. 600 నుంచి 750 డిగ్రీల మధ్య, ఎర్రగా ఉన్నప్పుడే అది సాగుతుంది. ఎరుపు తగ్గగానే సుత్తి ఆపి మళ్లీ కొలిమిలో పెట్టాలి. 800 దగ్గరికి వెళ్తే లోపల కరగడం మొదలై, దెబ్బకు పొడిపొడిగా రాలుతుంది. పని ముగిశాక మరోసారి ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచాలి. ఉక్కును పెళుసు చేసే ఆ ముంపే కంచుకు ఓర్పు ఇస్తుంది, పెళుసు సమ్మేళనానికి ఏర్పడే వ్యవధి ఉండదు గనుక. ఇంట్లో కంచు పళ్లెం సొట్ట పడితే చల్లగా కొట్టకండి, గ్యాసు పొయ్యి మీద కాల్చి ఆరబెట్టనూ వద్దు. కంచు పని వచ్చిన వారి కొలిమికే పట్టుకెళ్లండి.