పెళ్లి కార్డుల ఇటాలిక్ సెరిఫ్ ఫాంట్ ఎట్ల వాడాలె

వరంగల్, హన్మకొండ డీటీపీ షాపులల్ల పెళ్లి కార్డు చేయించుకునేటోళ్లు ముందు అడిగేది ఒకటే, "అన్నా, పిల్ల పేరు పిలగాని పేరు ఇంగ్లిష్‌ల జర స్టైల్‌గ రావాలె". అప్పుడు చాలామంది ఏం చేస్తరంటే ఉన్న ఫాంట్‌నే సెలెక్ట్ చేసి పైన ఐ బటన్ నొక్కుతరు, అక్షరాలు పక్కకు వంగుతయ్, ఇగ అదే ఇటాలిక్ అనుకుంటరు. ఆ ఫాంట్‌కు ఇటాలిక్ ఫైల్ సిస్టంల లేకపోతే చాలా సాఫ్ట్‌వేర్లు మామూలు అక్షరాన్నే తోసి వంచుతయ్, అంతే. సెరిఫ్ అంటే గీతల చివర్ల చిన్న పాదాలుండే అక్షరం, అసలు ఇటాలిక్ సెరిఫ్ అంటే దాంట్ల ప్రతి అక్షరం వంపుతోటి మళ్లా కొత్తగ గీసి పెట్టింది.

తేడా మీ కండ్లతోటే చూడండి. ఈబీ గారమాండ్ అనే ఫాంట్ గూగుల్ ఫాంట్స్‌ల ఫ్రీగ దొరుకుతది, రెగ్యులర్, ఇటాలిక్ రెండూ ఇన్‌స్టాల్ చేసుకొని కార్డులు డిజైన్ చేసే కోరల్‌డ్రా సాఫ్ట్‌వేర్‌ల శ్రావణి అని ఇంగ్లిష్‌ల రెండిట్ల టైప్ చేసి 100 పాయింట్లకు పెంచి పైన ఒకటి కింద ఒకటి పెట్టండి. రెగ్యులర్‌ల చిన్న ఏ అక్షరానికి నెత్తి మీద కొక్కెం ఉంటది, ఇటాలిక్‌ల ఆ కొక్కెం పోయి ఒక్కటే కడుపు మిగులుతది, మనం నోట్‌బుక్‌ల రాసే ఏ లెక్క. ఎన్ కింద అడ్డంగ ఉండే పాదాలు పోయి చివర్ల పెన్ను లేపినట్టు చిన్న వంపు వస్తది. అక్షరాలు సన్నబడి దగ్గరికి జరుగుతయ్. ఇప్పుడు "బెస్ట్ కాంప్లిమెంట్స్ ఫ్రమ్" లైన్ కూడా కొట్టి చూడండి, ఆ ఫ్రమ్‌ను చిన్న ఎఫ్‌తోటి కొడితే దాని తోక లైన్ కిందికి దిగి ఎడమకు తిరుగుతది, ఎంత అందమో. ఇటాలిక్ ఫైల్ లేకుండ ఐ బటన్‌తోటి వంచిన దాంట్ల ఇవేం రావు, పైగా ఇంగ్లిష్ 'ఓ' అక్షరం ఒక మూలకు సాగినట్టు అయితది.

ఇదంతా చేతిరాత నుంచి వచ్చింది. వెనిస్‌ల ఆల్డస్ మనూషియస్ అనే ప్రింటరు 1501ల చేతుల పట్టే చిన్న పుస్తకాలు వేసిండు, వాటికి ఫ్రాంచెస్కో గ్రిఫో చెక్కిన టైపే మొదటి ఇటాలిక్. అప్పుడు పుస్తకం మొత్తం దాంట్లనే ఉండేది, పెద్దక్షరాలు మాత్రం నిటారుగనే ఉండేటియి. ఈబీ గారమాండ్ ఇటాలిక్‌కు మూలం 1592 నాటి ఒక టైపు నమూనా షీట్, దాంట్ల నిటారు అక్షరాలు చెక్కింది గారమాండ్ అనేటాయన, ఇటాలిక్ చెక్కింది రాబర్ట్ గ్రాంజాన్ అనేటాయన.

ఏ ఫాంట్ పెట్టాలె అంటే నా లెక్కల పేర్లు బాగ పెద్దగ వచ్చే కార్డుకు కోర్మొరాంట్ ఇటాలిక్, చాలా నాజూకు. కొంచెం బరువుగ, నిండుగ కావాలంటే ప్లేఫెయిర్ డిస్‌ప్లే ఇటాలిక్. డౌట్ ఉంటే ఈబీ గారమాండ్, అది దేనికైనా సరిపోతది. మూడూ ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కిందనే ఉన్నయ్, కస్టమర్ పనికి వాడుకోవచ్చు, పైసలు కట్టే పని లేదు.

పెట్టేది మాత్రం తక్కువ పెట్టండి. రెండు పేర్లు, వాటి మధ్యల అండ్ గుర్తు (ఇటాలిక్‌ల ఆ గుర్తు అందమే వేరు, దాన్ని పేర్ల కంటే పెద్దగ పెట్టినా బాగుంటది), ఇంకొక చిన్న లైన్, అంతే. ముహూర్తం, ఫంక్షన్ హాల్ అడ్రస్, ఫోన్ నంబర్లు నిటారు అక్షరాలల్లనే ఉండాలె, ముసలోళ్లు కూడా చదవాలె గదా. పేరు మొత్తం క్యాపిటల్స్‌ల ఇటాలిక్ చేయొద్దు, తోకలున్న స్వాష్ అక్షరం పేరుకు మొదట్ల ఒక్కటి చాలు.

ఇగ తెలుగు. తెలుగు లైన్‌ను దయచేసి వంచకండి. మన అక్షరం గుండ్రటిది, తలకట్టు అప్పటికే ఒక పక్కకు లేచి ఉంటది, మళ్లా వంచితే అది ఇంకా పడిపోతది, కింద వత్తు దాని అక్షరం నుంచి జరిగి పక్క అక్షరం కిందికి పోయినట్టు కనపడతది. నిజంగ వంపు కావాలంటే టిరో తెలుగుల ఇటాలిక్ ఫైల్ సెపరేట్‌గ ఉంది, అది వాడండి. అను ఫాంట్లల్ల కొట్టిన తెలుగు ఉంటే ఇంకొక జాగ్రత్త, అది యూనికోడ్ (అన్ని ఫాంట్లకు ఒకటే లెక్క ఉండే అక్షరాల కోడ్) కాదు, లైన్ మొత్తం పట్టుకొని ఫాంట్ మారిస్తే తెలుగంతా పిచ్చి గుర్తులైతది, ఇంగ్లిష్ పేరు వరకే సెలెక్ట్ చేసి మార్చండి. సైజు కూడా నంబర్ చూసి పెట్టొద్దు, ఒకటే పాయింట్ల ఉన్నా ఇటాలిక్ చిన్నగ కనపడొచ్చు, తెలుగు పక్కన సమానంగ అనిపించేదాక పెంచుకుంట పోవాలె.

ప్రింటింగ్‌ల అసలు దెబ్బ సన్న గీతలకు. మెరూన్ కార్డు మీద తెల్లక్షరాలు వదిలితే ఇంకు లోపలికి పాకి కోర్మొరాంట్ సన్న గీతలు మాయమైతయ్, గోల్డ్ ఫాయిల్‌ల చిన్న అక్షరాల కడుపులు పూడుకపోతయ్. అట్లాంటి కార్డుకు లైట్, రెగ్యులర్ పక్కనపెట్టి మీడియం లేదా సెమీబోల్డ్ ఇటాలిక్ తీసుకోండి. ప్రెస్‌కు పంపే ముందు అసలు సైజుల ఒక ప్రింట్ తీసి చెయ్యి చాపి పట్టుకొని చదవండి, ఎక్కడన్న ఆగితే సైజు పెంచండి. వాట్సాప్‌ల పంపేటప్పుడు ఫోటో లెక్క పంపితే గీతలు మసకబారుతయ్, పీడీఎఫ్‌ను డాక్యుమెంట్‌గ పంపండి. చౌరస్తాల కట్టే ఫ్లెక్సీకైతే పెద్ద పేరు నిటారుగ ఉండాలె, బండి మీద పోయేటోళ్లకు అదే అందుతది.

అంతా ఓకే అయినంక కోరల్‌డ్రాల కంట్రోల్ క్యూ కొట్టి కర్వ్స్ చేయండి, అంటే అక్షరాలను బొమ్మ గీతల లెక్క మార్చండి, లేకపోతే ప్రెస్ సిస్టంల ఆ ఫాంట్ లేక వేరేది వచ్చి కూసుంటది. కర్వ్స్ చేసింది వేరే పేరుతోటి సేవ్ చేసి అసలు ఫైల్ అట్లనే ఉంచుకోండి, ముహూర్తం టైం మారిందని పెళ్లోళ్లు రాత్రి ఫోన్ చేస్తే దిద్దేది ఆ ఫైల్‌లనే.