ఎస్‌క్యూఎల్‌లో మిన్ ఫంక్షన్‌తో కనిష్ఠ విలువ రాబట్టడం ఎలా?

డేటాబేస్‌లో మిర్చి_ధరలు అనే టేబుల్ ఉందనుకుందాం. యార్డు (గుంటూరు, ఖమ్మం, వరంగల్), రకం, తేదీ, ధర (క్వింటాలుకు) దాని కాలమ్‌లు. కీవర్డ్‌లు ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను, మీరు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి.

1. మొత్తం మీద తక్కువ ధర:

సెలెక్ట్ మిన్(ధర) ఫ్రమ్ మిర్చి_ధరలు;

ఒక్క తేజ రకానిదే కావాలంటే చివర వేర్ రకం = 'తేజ' చేర్చండి.

2. యార్డుల వారీగా:

సెలెక్ట్ యార్డు, మిన్(ధర) ఫ్రమ్ మిర్చి_ధరలు గ్రూప్ బై యార్డు;

3. ఆ ధర ఏ రోజు పలికింది? అసలు చిక్కంతా ఇక్కడే. మిన్ విలువను ఇస్తుంది గానీ ఆ వరుసను ఇవ్వదు. సెలెక్ట్‌లో తేదీని కూడా ఇరికిస్తే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఎర్రర్ చూపిస్తుంది. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ కూడా 5.7 వెర్షన్ నుంచి డిఫాల్ట్‌గా ఒప్పుకోదు. అంతకుముందు ఏదో ఒక తేదీ తెచ్చి పక్కన పెట్టేది. ఎర్రర్ కంటే అదే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే తప్పని ఎవరికీ అనుమానం రాదు. ఇలా రాయండి (మి, క అనేవి టేబుల్‌కు, లోపలి క్వెరీకి పెట్టిన పొట్టి పేర్లు):

సెలెక్ట్ మి.యార్డు, మి.తేదీ, మి.ధర
ఫ్రమ్ మిర్చి_ధరలు మి
జాయిన్ (సెలెక్ట్ యార్డు, మిన్(ధర) యాజ్ కనిష్ఠం
ఫ్రమ్ మిర్చి_ధరలు గ్రూప్ బై యార్డు) క
ఆన్ మి.యార్డు = క.యార్డు అండ్ మి.ధర = క.కనిష్ఠం;

రెండు రోజులు అదే ధర పలికితే రెండు వరుసలూ వస్తాయి, రావాలి కూడా. రకం షరతు పెట్టేటట్లయితే లోపలి క్వెరీలోనూ బయటా రెండుచోట్లా పెట్టండి. లోపలే పెట్టి వదిలేస్తే, తేజ కనిష్ఠ ధరకే అమ్ముడైన వేరే రకం వరుస కూడా జాబితాలోకి వచ్చేస్తుంది.

4. గ్రూపులను వడకట్టాలంటే వేర్‌లో మిన్ పనిచేయదు, గ్రూపులు కట్టకముందే వేర్ నడుస్తుంది కాబట్టి. గ్రూప్ బై తర్వాత హ్యావింగ్ మిన్(ధర) < 10000 అని రాయాలి.

5. వచ్చిన అంకెను నమ్మే ముందు డేటా చూడండి. నల్ విలువలను (ఏమీ ఎక్కించని ఖాళీలను) మిన్ పట్టించుకోదు, సున్నాను మాత్రం పట్టించుకుంటుంది. యార్డుకు సెలవైన రోజున ఎవరైనా 0 ఎక్కించి ఉంటే కనిష్ఠ ధర సున్నా అయిపోతుంది. దానికి మిన్(నల్‌ఇఫ్(ధర, 0)) వాడండి, నల్‌ఇఫ్ ఆ సున్నాను నల్‌గా మారుస్తుంది. ధర కాలమ్ టెక్స్ట్‌గా ఉంటే 9500, 14000లలో 14000నే చిన్నదిగా చూపిస్తుంది, అక్షరక్రమంలో 1 ముందు వస్తుంది గనుక. అప్పుడు కాలమ్ టైప్‌నే న్యూమరిక్‌కు మార్చడం మేలు. షరతుకు ఒక్క వరుసా దొరక్కపోతే, గ్రూప్ బై లేని క్వెరీలో జవాబు సున్నా కాదు, నల్.

6. టేబుల్ పెద్దదైతే యార్డు, ధర కాలమ్‌లు రెండిటి మీదా కలిపి ఒక ఇండెక్స్ (త్వరగా వెతకడానికి వరుసక్రమంలో ఉంచే జాబితా) వేయండి. ఒక యార్డు కనిష్ఠ ధర అడిగినప్పుడు టేబుల్ మొత్తం చదవనక్కర్లేకుండా ఇండెక్స్‌లో ఆ యార్డు మొదటి ఎంట్రీ దగ్గరే జవాబు దొరుకుతుంది.