మాట పుట్టుక – 5వ పాఠం: షెడ్యూల్

నిఘంటువులో ఒక మాట కింద ఉన్న అర్థాల వరుసను ఎలా చదవాలో పోయిన పాఠంలో చూశాం. కొన్ని నిఘంటువులు ఇవాళ ఎక్కువగా వాడే అర్థాన్ని ముందు పెడతాయి, కొన్ని అన్నిటికంటే పాత అర్థాన్ని ముందు పెడతాయి. ఈ పాఠంలో మనకు రెండో రకం కావాలి.

ముందు నోట్‌బుక్ తీయండి. ఈ నాలుగు వాక్యాల్లో షెడ్యూల్ అంటే ఏమిటో ఒక్కో ముక్కలో రాయండి.

పరీక్షల షెడ్యూల్ విడుదలైంది.
ఇది షెడ్యూల్డు బ్యాంకు.
ఈ క్రింది షెడ్యూలులోని ఆస్తిని మీకు విక్రయించడమైనది.
సినిమా మొదటి షెడ్యూల్ అరకులో పూర్తయింది.

మొదటిదానికి టైం టేబుల్ అని రాసి ఉంటారు, అది సరే. ఆ అర్థమే పట్టుకుని రెండోదానికి వెళితే మాత్రం దారి మూసుకుపోతుంది. టైం టేబుల్ ఉన్న బ్యాంకు ఏమిటి? ఇలాంటప్పుడు చేయాల్సింది ఒకటే: ఆ మాట మొదట ఏ వస్తువుకు పేరో వెతకాలి.

గ్రీకు నుంచి లాటిన్‌లోకి వచ్చిన ‘స్కెడా’ అంటే పపైరస్ ఆకు, అంటే రాసుకునే కాగితం. దాని చిన్న రూపం ‘స్కెడులా’, కాగితం ముక్క. అది పాత ఫ్రెంచిలో ‘సెడ్యూల్’ అయి, 14వ శతాబ్దం చివరికి ఇంగ్లీషులో చేరింది. అర్థం చీటీ, అంతే. జర్మన్ వాళ్లు ఇప్పటికీ చీటీని ‘ట్సెట్టెల్’ అంటారు, అదీ ఈ కుటుంబమే. స్పానిష్ దేశాల్లో చాలాచోట్ల గుర్తింపు కార్డు ‘సెదులా’.

15వ శతాబ్దంలో ఈ చీటీ లాయర్ల చేతిలో పడింది. వీలునామాకో, ఒప్పందానికో, చట్టానికో చివర జత చేసే కాగితం షెడ్యూల్ అయింది. అసలు పత్రంలో నియమం ఉంటుంది. పేర్లు, కొలతలు, వివరాలు వెనక కాగితంలో ఉంటాయి. క్రమంగా ఆ కాగితం మీది జాబితాకే ఆ పేరు స్థిరపడింది.

ఇప్పుడు మూడో వాక్యం చదవండి. సేల్ డీడ్ చివర సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు రాసే భాగమే షెడ్యూలు. మన రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో నలుగుతున్నది 15వ శతాబ్దపు అర్థమే. రెండోది కూడా తేలిపోయింది: 1934 నాటి రిజర్వ్ బ్యాంక్ చట్టం వెనక రెండో షెడ్యూలు ఉంది, అందులో పేరున్నది షెడ్యూల్డు బ్యాంకు.

ఇక్కడి నుంచి ఒక ప్రశ్న అలవాటు చేసుకోండి: ఏ కాగితానికి జత చేసిన షెడ్యూలు? పేపర్ చదివేటప్పుడు ఇది బాగా అక్కరకొస్తుంది. ‘9వ షెడ్యూల్’ అని వార్తలో కనిపిస్తే రెండు అర్థాలు రావచ్చు. రాజ్యాంగం 9వ షెడ్యూలు 1951లో మొదటి సవరణతో వచ్చింది. భూసంస్కరణల వంటి చట్టాలు కోర్టుల్లో కొట్టుకుపోకుండా కాపాడటానికి పెట్టిన జాబితా అది. 2014 రాష్ట్ర పునర్విభజన చట్టానికీ 9వ షెడ్యూలు ఉంది, అందులో ఉన్నవి రెండు రాష్ట్రాలూ పంచుకోవాల్సిన ప్రభుత్వ కంపెనీలు, కార్పొరేషన్లు. రెంటికీ సంబంధమే లేదు. టీవీ చర్చల్లో కూడా ఈ రెంటినీ కలిపేసేవాళ్లుంటారు.

షెడ్యూల్డు కులాలు అనే మాట దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 1935 భారత ప్రభుత్వ చట్టంతో ఆ పేరు చట్టంలోకి వచ్చింది, 1936 ఉత్తర్వులో జాబితా వచ్చింది. ఆ జాబితా ఇప్పుడు రాజ్యాంగంలోనే ఏదో ఒక షెడ్యూలులో ఉంటుందని చాలామంది అనుకుంటారు. అక్కడ లేదు. రాజ్యాంగం 341వ అధికరణ ప్రకారం రాష్ట్రపతి 1950లో ఇచ్చిన ఉత్తర్వుకు జత చేసిన షెడ్యూలులో రాష్ట్రాల వారీగా ఉంది. షెడ్యూల్డు తెగలదీ ఇదే పద్ధతి, 342వ అధికరణ కింద. పాడేరు, ఉట్నూరు వంటి ఏజెన్సీ ప్రాంతాల పాలన సంగతి మాత్రం రాజ్యాంగం 5వ షెడ్యూలులోనే ఉంది.

మరి టైం టేబుల్ అర్థం ఎప్పుడొచ్చింది? చాలా ఆలస్యంగా, 1860ల్లో, అమెరికా రైల్వేల దగ్గర. రైళ్ల వేళలు అచ్చేసిన జాబితాను షెడ్యూల్ అన్నారు, తర్వాత ఆ వేళలకే ఆ పేరు వచ్చింది. మన సినిమావాళ్లు ఇంకో అడుగు వేసి, ఒక విడతలో చేసే షూటింగ్‌నే షెడ్యూల్ అనేశారు.

ఉచ్చారణ గురించి ఒక్క మాట. మొదట్లో ఇంగ్లీషువాళ్లు ‘సెడ్యూల్’ అనేవారు. లాటిన్‌ను చూసి స్పెల్లింగ్‌లో ఎస్, సి, హెచ్ చేర్చాక గొడవ మొదలైంది. బ్రిటన్‌లో ‘షెడ్యూల్’ నిలిచింది. అమెరికాలో నిఘంటువు రాసిన నోవా వెబ్‌స్టర్ గ్రీకును చూపించి ‘స్కె’ వైపు మొగ్గాడు. రెండూ సరైనవే. అమెరికా క్లయింట్ కాల్‌లో ‘షె’ అన్నామే అని టెన్షన్ పడక్కర్లేదు. ఒకే కాల్‌లో రెండూ కలపకపోతే చాలు.

వాడుకలో మనవాళ్లు తడబడేది చిన్న మాటల దగ్గర. పని అనుకున్న వేళకు సాగుతుంటే ‘ఆన్ షెడ్యూల్’, వెనకబడితే ‘బిహైండ్ షెడ్యూల్’, ముందుంటే ‘అహెడ్ ఆఫ్ షెడ్యూల్’. ‘ఇన్ షెడ్యూల్’ అనకండి. మీటింగ్ సోమవారానికి పెడితే ‘షెడ్యూల్డ్ ఫర్ మండే’ అనండి. ‘ఆన్ మండే’ అంటే మీటింగ్ సోమవారమా, లేక దాన్ని సోమవారం నాడు ఖరారు చేశారా అన్న అనుమానం వస్తుంది.

అభ్యాసం. జవాబులు వచ్చే పాఠంలో, అక్కడ మన మాట బడ్జెట్.

ఒకటి: విమానయానంలో ‘నాన్ షెడ్యూల్డ్’ ఆపరేటర్ అంటారు. ఇక్కడున్నది పాత అర్థమా, రైల్వేల అర్థమా?
రెండు: ‘8వ షెడ్యూలులో తెలుగు ఉంది’ అంటే ఏ కాగితానికి జత చేసిన షెడ్యూలు?
మూడు: ఇంట్లో ఉన్న మందుల స్ట్రిప్పులు తిప్పి చూడండి. కొన్నిటి మీద ‘షెడ్యూల్ హెచ్’ అని ఉంటుంది. అది ఏ నిబంధనలకు జత చేసిన జాబితానో, అందులో ఉన్న మందును ఎలా అమ్మాలో రెండు వాక్యాల్లో రాయండి.